తిరుగు నడక లేని వీడ్కోలు

దూరపు కాలినడకలో తోడు కలిసినవాళ్లు మూడు రకాలుగా విడిపోతారు. కాళ్లు మొరాయించి ఒకరు మధ్యలో ఆగిపోతారు. దారి చీలినందువల్లో, నడక వేగం కలవనందువల్లో ఇంకొందరు దూరమవుతారు. మిగిలినవాళ్లు గమ్యం చేరాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోతారు. మొదటి రెండు విడిపోవడాల్లో బాధ ఎందుకో ఎవరికైనా తెలుస్తుంది. వింత అంతా మూడో దానిలోనే ఉంది. అనుకున్నది నెరవేరి, మొక్కు తీరి, ఎవరికీ ఏ ఆపదా రాని రోజునే నడిచినవాళ్లను ఎక్కువ దిగులు కమ్ముకుంటుంది.

నెల్లూరుకు ఉత్తరాన, పెన్న ఆవలి గట్టున ఉన్న కొడవలూరు వైపు పల్లెల నుంచి తిరుమలకు నడిచి వెళ్లే బృందాలను గమనిస్తే ఈ మూడూ ఒకే దారిలో కనిపిస్తాయి. ఆ దారి సుమారు 150 కిలోమీటర్లు. పదహారో నంబరు జాతీయ రహదారి వెంట కోవూరు, పెన్న వంతెన, నెల్లూరు, వెంకటాచలం, మనుబోలు, గూడూరు, నాయుడుపేట. అక్కడ పడమటికి మళ్లి శ్రీకాళహస్తి, ఏర్పేడు, రేణిగుంట, తిరుపతి. రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్ల లెక్కన అయిదారు రోజుల నడక. ఎక్కువమంది గోవిందమాల వేసుకుని, పసుపు బట్టలు కట్టుకుని, చెప్పులు లేకుండా నడుస్తారు. సామాన్లు, వంటపాత్రలు, బియ్యం మూటలు వెంట వచ్చే బండిలో ఉంటాయి.

నడక మొదలయ్యేదే ఒక వీడ్కోలుతో. సాగనంపేవాళ్లు ఎంతదూరం రావాలన్నదానికి మన దేశంలో పాత కట్టడి ఒకటుంది. నీళ్లు కనబడేదాకా వచ్చి, అక్కడ ఆగిపోవాలి. కాళిదాసు శాకుంతలం నాలుగో అంకంలో కూతురు వెంట నడుస్తున్న కణ్వుడికి శిష్యుడు శార్ఙ్గరవుడు ఈ మాటే గుర్తు చేస్తాడు. లేకపోతే సాగనంపడానికి అంతుండదు. కొడవలూరు వాళ్లు ఈ శాస్త్రాన్ని అక్షరాలా పాటిస్తే ఊరు దాటకముందే ఏ పంటకాలువ గట్టు మీదో ఆగిపోవాల్సి వస్తుంది. పెన్న డెల్టాలో ఏ దిక్కుకు నడిచినా కాలువే అడ్డం వస్తుంది. దక్షిణానికి పోయేవాళ్లకు చెప్పుకోదగ్గ నీళ్లంటే పెన్నే, కోవూరికీ నెల్లూరికీ నడుమ.

ఆ నీళ్లు కూడా ఎప్పుడూ ఒకేలా ఉండవు. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. కోవూరు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ నెల ఒకటో తేదీన తుళ్లూరు నుంచి బయల్దేరిన అమరావతి రైతుల పాదయాత్ర ఆ వానల్లోనే నెల్లూరు జిల్లా దాటి డిసెంబరు నడుమకు తిరుపతి చేరింది. దాని రాజకీయం వేరే సంగతి. నడక సంగతి వరకే చూస్తే, ఆరు వారాలకు పైగా రోడ్డు మీద కలిసి తిని, కలిసి తడిసిన పెద్ద గుంపు అది. అందులో ఆడవాళ్లు చాలామంది.

ఆరు వారాలు అలా గడిపితే చనువు పుట్టడం సహజం. మరి తిరుమల బృందాల్లో అయిదారు రోజుల్లోనే అంత చనువు ఎలా పుడుతుంది? ఒకే వీధిలో పదేళ్లు ఉన్నా పెద్దగా మాట్లాడుకోనివాళ్లు నాయుడుపేట చేరేసరికి ఇంటి గుట్టంతా ఎందుకు చెప్పుకుంటారు? దీనికి ఒక కారణం అడుగుల్లోనే ఉంది. పక్కపక్కన చాలాసేపు నడిచేవాళ్ల అడుగులు తెలియకుండానే ఒక వరసకు వస్తాయి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్ విల్టర్‌ముత్, చిప్ హీత్ 2009లో ప్రచురించిన పరిశోధనలో కొన్ని జట్లను ఒకే అడుగు వేస్తూ ప్రాంగణం చుట్టూ నడవమన్నారు. మిగిలిన జట్లను ఎవరికి తోచినట్టు వాళ్లను నడవమన్నారు. తర్వాత డబ్బుతో ముడిపడిన ఒక ఆట ఆడిస్తే, అడుగులు కలిపి నడిచినవాళ్లు ఒకరినొకరు ఎక్కువ నమ్మి ఆడారు. చరిత్రకారుడు విలియం మెక్‌నీల్‌కు ఈ సంగతి 1941లో, సైన్యంలో కొత్తగా చేరి టెక్సాస్ ఎండలో కవాతు చేస్తున్నప్పుడే తట్టింది. పనికిరాని కవాతు మనసుకు అంత హాయిగా ఎందుకుంది అన్న ప్రశ్నతో ఆయన 1995లో ఏకంగా ఒక పుస్తకమే తెచ్చారు. కవాతు, సామూహిక నృత్యం మనుషులను కలిపి కట్టేస్తాయన్నది ఆయన వాదన. గోవింద నామం చెబుతూ నడిచే గుంపుకు ఈ వాదన చెప్పనక్కర్లేదు. ఒకరు ఎత్తుకుంటే వందమంది అందుకునే ఆ కేక శ్వాసనూ అడుగునూ కలిపి పట్టుకుంటుంది.

రెండో కారణం హోదాలు తాత్కాలికంగా పక్కకు పోవడం. మాల వేసుకున్నాక బ్యాంకు ఆఫీసరైనా, రొయ్యల గుంట కాపలాదారైనా ఒకే రంగు బట్టల్లో, ఒకే వరసలో ఆకు ముందు కూర్చుంటారు. ఒకరినొకరు స్వామీ అనే పిలుచుకుంటారు. అల్లుడు మామను అలాగే పిలవాలి, మామ అల్లుడినీ అలాగే పిలవాలి. విక్టర్ టర్నర్ అనే మానవశాస్త్రవేత్త 1969లో వెలువరించిన పుస్తకంలో ఈ స్థితిని వివరించారు. మామూలు జీవితపు మెట్లు కొంతకాలం చెరిగిపోయి, మనుషులు మనుషులుగా ఎదురుపడే స్థితి అది. తీర్థయాత్రల్లో అది పుడుతుందనీ, ఎక్కువకాలం నిలవదనీ ఆయన చెప్పారు.

ఈ మాటను ఉన్నదున్నట్టు నమ్మేయడానికీ వీల్లేదు. టర్నర్ కంటే ముందే మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే మహారాష్ట్రలో పండరిపురానికి ఏటా సాగే కాలినడక యాత్ర, వారీలో స్వయంగా నడిచారు. 1962లో ఆంగ్లంలో వెలువడిన ఆమె వ్యాసంలో ఆ నడక ఆనందం ఎంత ఉందో, ఒకే దిండీలో, అంటే కలిసి నడిచే ఒకే జట్టులో, బ్రాహ్మణులూ మరాఠాలూ వేరువేరుగా భోంచేయడం చూసి పడిన బాధా అంతే ఉంది. మన బృందాల్లోనూ ఎవరు ఎవరి పక్కన పడుకుంటారో, ఎవరు వండుతారో నిదానంగా చూస్తే ఊరి గీతలు పూర్తిగా చెరగలేదని తెలుస్తుంది. అయినా ఆ గీతలు పల్చబడటం నిజమే. ఇంటికి తిరిగి వచ్చినప్పుడు గుండెలో పొడిచేది ఆ తేడానే.

మధ్యలో ఆగిపోయేవాళ్ల సంగతి చాలావరకు అరికాళ్ల సంగతి. మొదటి రోజు ఉత్సాహం మీద నడుస్తారు. రెండో రోజు పొక్కులు లేస్తాయి. మూడో రోజున అవి చితికి, తారు రోడ్డు వేడికి అడుగు పెట్టలేని స్థితి వస్తుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి ఎండెక్కేలోపు సగం దూరం పూర్తిచేసి, మళ్లీ చల్లబడ్డాక నడవడం ఇందుకే. ఆగిపోయిన మనిషిని బండి ఎక్కిస్తారు, లేదా దగ్గరి రైల్వేస్టేషనులో దించుతారు. గుంపు మాత్రం ఆగదు. రాత్రికి వంట, బస ఏర్పాట్లు ముందున్న ఊళ్లో చేసి ఉంటాయి. ఒక్కరి కోసం ఆగితే నలభైమందికి తిండి తప్పుతుంది. కరుకుగా కనిపించే ఈ కట్టడిని నడిచేవాళ్లు తప్పు పట్టరు. ఆగిపోయినవాళ్లు కూడా తమ కోసం ఎవరూ ఆగొద్దనే అంటారు.

నడకలో తోటివాళ్లు ఒక్కొక్కరే రాలిపోయే కథ మన సాహిత్యంలో మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వం. హిమాలయాల వైపు సాగిన దారిలో మొదట ద్రౌపది పడిపోతుంది, తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, చివరికి భీముడు. ధర్మరాజు వెనక్కి తిరిగి చూడడు. ఎవరు ఎందుకు పడ్డారో భీముడు అడిగిన కొద్దీ చెబుతూ ముందుకే సాగుతాడు. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులోని కవి కావడం ఈ సీమ వాళ్లు గుర్తుంచుకోదగ్గ విషయం. విరాటపర్వం నుంచి స్వర్గారోహణం దాకా పదిహేను పర్వాలు ఆయనవే. ఆగిపోయిన తమ్ముళ్ల కోసం ఆగని ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గంలోకి రానంటాడు. నడక న్యాయం అక్కడ తలకిందులైనట్టుంటుంది. చివరిదాకా నడిచిన తోడును మాత్రం వదలకూడదన్నది ఆ కథలో కనబడే నీతి అయితే, పడిపోయిన అయిదుగురి సంగతేమిటని అడిగే పాఠకులు ఎప్పుడూ ఉంటారు.

కుక్క తోడు పురాణంతో పోలేదు. 2019 అక్టోబరు 31న తిరుమల నుంచి శబరిమలకు నడక మొదలుపెట్టిన 13 మంది అయ్యప్ప భక్తుల వెంట ఒక వీధికుక్క పడింది. నవంబరు నడుమకు వాళ్లు కర్ణాటకలో చిక్కమగళూరు జిల్లా కొట్టిగెహార చేరేసరికి అది 480 కిలోమీటర్లు నడిచిందని వార్తా సంస్థలు రాశాయి. మొదట వాళ్లు దాన్ని గమనించనేలేదట. వెనకే వస్తుంటే తాము వండుకున్నదే దానికీ పెట్టడం మొదలుపెట్టారు. నడకలో మనుషుల తోడు కూడా చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. ఎవరూ పిలవరు, ఎవరూ వెళ్లిపొమ్మనరు.

జపాన్‌లో షికోకు ద్వీపం చుట్టూ 88 ఆలయాలను కలుపుతూ సుమారు 1,200 కిలోమీటర్ల నడకదారి ఉంది. ఒంటరిగా నడిచేవాళ్లకు కూడా అక్కడ తోడు ఉంటుంది. చేతికర్రనే వాళ్లు కోబో దైషి అనే గురువుగా భావిస్తారు. బసకు చేరగానే ముందు కర్ర అడుగు కడిగి, తర్వాతే తమ కాళ్లు కడుక్కుంటారు. ఎనభై ఎనిమిదో ఆలయమైన ఒకుబోజిలో చాలామంది ఆ కర్రను వదిలి వెళతారు. వీడ్కోలుకు ఒక చోటు, ఒక పని నిర్ణయమై ఉన్నాయి.

తిరుమల నడకలో వేగాల తేడా అసలు రూపం బయటపడేది అలిపిరి దగ్గర. రోడ్డు మీద 140 కిలోమీటర్లు ఒకరి వెనక ఒకరు నడిచిన గుంపు 3,550 మెట్ల మీద చెల్లాచెదురైపోతుంది. కుర్రాళ్లు గాలిగోపురం చేరే సమయానికి పెద్దవాళ్లు ఇంకా కిందే ఆయాసపడుతుంటారు. మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెడతామని మొక్కుకున్న ఆడవాళ్లు వాళ్లకంటే వెనక. మోకాళ్ల పర్వతం దగ్గర ఎవరి మోకాళ్లతో వాళ్ల గొడవ. 2023 ఆగస్టులో ఈ దారిలో చిరుత దాడికి ఒక బాలిక బలయ్యాక, గుంపులుగానే నడవాలనీ, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని తీసుకురావద్దనీ దేవస్థానం ఆంక్షలు పెట్టింది. చేతికర్రలు కూడా ఇచ్చింది. అప్పటిదాకా ఇష్టంగా ఉన్న తోడు అక్కడ నిబంధన అయింది.

కొండ మీద మళ్లీ కలుసుకుంటారు గానీ, అప్పటికే విడిపోవడం మొదలై ఉంటుంది. కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చేవాళ్లు ఒక పక్క, గది కోసం క్యూలో నిలబడేవాళ్లు ఒక పక్క. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు నిండే తీరును బట్టి ఒకే బృందం రెండు మూడు ముక్కలవుతుంది. అయిదు రోజులు ఒకే పట్టా మీద పడుకున్నవాళ్లకు దర్శనం వేరువేరు గంటల్లో అవుతుంది. తర్వాత మాల తీస్తారు. ఆ క్షణం నుంచి స్వామి మళ్లీ మామ అవుతాడు, బావ అవుతాడు, సార్ అవుతాడు. లడ్డూలు పంచుకుంటారు. చాలా బృందాల్లో చందా లెక్క అక్కడే తేలుస్తారు. బియ్యానికెంత, డీజిలుకెంత, వంటమనిషికెంత అని చదివి, మిగిలింది హుండీలోనో అన్నదానం ట్రస్టులోనో వేస్తారు. బయటివాళ్లకు ఇది పద్దుల పనిగానే కనబడుతుంది. నిజానికి గుంపుగా వాళ్లు చేసే చివరి పని అదే. ఆ లెక్క తెగిందంటే బృందం తెగినట్టే.

ఆ తర్వాత తిరుపతి బస్టాండు. అయిదారు రోజులు పట్టిన దారిని బస్సు మూడు నాలుగు గంటల్లో వెనక్కి చుట్టేస్తుంది. పొక్కులు చితికిన గూడూరు, ఎవరో పెద్దాయన మజ్జిగ పోయించిన మనుబోలు, చలికి వణుకుతూ పడుకున్న నాయుడుపేట కల్యాణ మండపం, అన్నీ కిటికీలో ఒక్కో నిమిషం కనబడి పోతాయి. నడిచినవాళ్ల దిగులుకు ముఖ్యమైన మూలం ఇక్కడే ఉందని చెప్పవచ్చు. శరీరం ఇంకా తెల్లవారుజామున మూడింటికి లేస్తూనే ఉంటుంది. పక్కన మాత్రం ఎవరూ ఉండరు. తోడు కట్టుకోవడానికి 150 కిలోమీటర్లు దొరికాయి, విప్పుకోవడానికి బస్సు సీటు దొరికింది.

పూర్వం ఇలా ఉండేది కాదు. ఎలా వెళ్లారో అలాగే తిరిగి రావాలి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో కాశీకి బయల్దేరారు. తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని, గంజాం నుంచి తూర్పు తీరం పట్టుకుని దిగి, నెల్లూరు సీమ దాటి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరారు. అంటే పదిహేను నెలలకు పైన. ఆయనకు పల్లకీ ఉంది. దాన్ని మోసిన బోయీలూ, వెంట ఉన్న పనివాళ్లూ నడిచినవాళ్లే. దారి పొడవునా విశేషాలను ఆయన మద్రాసులో ఉండిపోయిన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు రాసి పంపేవారు. 1836లో వీరాస్వామి పోయాక, 1838లో ఆ రాతలను కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించింది ఆ మిత్రుడే. వెంట నడవని తోడు ఒకటి ఇలా కూడా ఉంటుంది.

అలాంటి ప్రయాణంలో గమ్యం చేరాక సగం దారి మిగిలే ఉంటుంది. కాశీలో ఎవరూ విడిపోరు. తిరుగుదారిలో నెలల తరబడి కలిసే ఉంటారు, పోట్లాడుకుంటారు, విసుగెత్తుతారు. సొంత ఊరి పొలిమేర కనబడేసరికి ఎవరి ఇల్లు వాళ్లకు ముద్దొస్తుంది. విడిపోవడం ఒక రోజున జరగదు, దారంతా కొంచెం కొంచెంగా జరుగుతుంది. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని సామెత ఉన్న కాలంలో తిరిగి వచ్చినవాళ్లు గంగ చెంబుతో ఇంట్లో సంతర్పణ చేసేవాళ్లు. దానికి ఊరితో పాటు తోటి యాత్రికులూ వచ్చేవాళ్లు. వీడ్కోలు చెప్పుకోవడానికి అదొక విందు.

పండరిపురం వారీలో ఈ పాత పద్ధతి ఇంకా కొంత మిగిలి ఉంది. మన తొలి ఏకాదశి నాటికి పండరి చేరేలా ఆళంది నుంచి జ్ఞానేశ్వరుడి పల్లకీ, దేహూ నుంచి తుకారాం పల్లకీ లక్షలాది జనంతో మూడు వారాల పాటు నడిచి వస్తాయి. ఆషాఢ పౌర్ణమి నాడు గోపాల్‌పూర్‌లో అటుకులు, పెరుగు కలిపిన కాలా ప్రసాదం పంచుకున్నాక పల్లకీలు తిరుగుముఖం పడతాయి. అవి మళ్లీ నడిచే వెళతాయి. కాకపోతే వచ్చిన జనంలో ఎక్కువమంది బస్సులూ రైళ్లూ ఎక్కేస్తారు. పల్లకీ వెంట తిరుగు వారీ చేసేవాళ్లు కొద్దిమందే.

ప్రపంచంలోని పెద్ద నడకదారుల్లోనూ ఇదే సమస్య. అమెరికాలో 14 రాష్ట్రాల మీదుగా సాగే అపలాచియన్ దారి సుమారు 3,500 కిలోమీటర్లు. జార్జియాలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం మీద ముగుస్తుంది. మొత్తం నడవాలని మొదలుపెట్టినవాళ్లలో నాలుగో వంతు మందే చివరిదాకా చేరతారు. అక్కడ నడిచేవాళ్లు సొంత పేర్లు వదిలేసి దారిలో పడిన ముద్దుపేర్లతోనే పిలుచుకుంటారు. నెలల తరబడి కలిసి నడిచి, ఒకరి అసలు పేరు ఒకరికి తెలియకుండానే విడిపోయేవాళ్లూ ఉన్నారు. శిఖరం దిగాక ఇంటివాళ్ల కార్లు కింద ఎదురుచూస్తుంటాయి. తర్వాత వారాల పాటు వెంటాడే నీరసం గురించి, ఏమీ తోచకపోవడం గురించి అక్కడి నడకవాళ్లు బాహాటంగానే మాట్లాడుకుంటారు. స్పెయిన్‌లో సంత్యాగో దారిన సుమారు 780 కిలోమీటర్లు నడిచి సెయింట్ జేమ్స్ సమాధి ఉన్న చర్చికి చేరినవాళ్లు కొందరు అక్కడితో ఆగరు. ఇంకో 90 కిలోమీటర్లు నడిచి ఫినిస్తెర్రా దగ్గర అట్లాంటిక్ సముద్రం చూసి వస్తారు. మధ్యయుగాల్లో యాత్రికులు ఇంటికి కూడా నడిచే వెళ్లాలి కాబట్టి వాళ్లకు వేరే ఏర్పాటు అక్కర్లేకపోయింది. విమానం ఎక్కేవాళ్లకు ఆ మూడు నాలుగు రోజుల అదనపు నడక తోటివాళ్ల నుంచి మెల్లగా విడివడే గడువు అవుతుంది.

మన బృందాలకు అలాంటి అదనపు నడక లేదు. కొండ దిగేటప్పుడు బస్సు వద్దని మెట్లదారినే దిగే కొద్దిమందికి రెండు మూడు గంటల తిరుగు నడక దక్కుతుంది, అంతే. ఫోనులో పెట్టుకున్న వాట్సాప్ బృందం మొదటి వారం ఫొటోలతో హోరెత్తి, తర్వాత శుభోదయాలకు దిగి, మెల్లగా ఖాళీ అవుతుంది. పాశ్చాత్య దారుల కంటే వీళ్లకు ఉన్న మేలు వేరే. నడక ఒక్కసారితో అయిపోదు. బృందాన్ని నడిపించే అదే గురుస్వామి, అదే బండి, చాలావరకు అవే మొహాలు ఏటేటా కలుస్తాయి. వారీలో దిండీలకు వరస సంఖ్యలు కూడా ఖాయంగా ఉంటాయి, నడిచేవాళ్లకు ఏ దిండీ వెనక ఏది రావాలో తరాలుగా తెలుసు. విడిపోయేటప్పుడే మళ్లీ కలిసే తిథి తెలిసి ఉండటం వల్ల వీడ్కోలు పొడిగా ముగిసినా నడుస్తుంది.

వైకుంఠ ఏకాదశికి కొండ చేరేలా నడిచే బృందాలకు ఆ తిథి కొంచెం ఆటలాడుతుంది. అది ధనుర్మాసంలో రావాలి. ధనుర్మాసం డిసెంబరు నడుమ మొదలై సంక్రాంతితో ముగుస్తుంది. అందువల్ల 2023లో జనవరి 2న ఒకసారి, డిసెంబరు 23న ఇంకోసారి వచ్చింది. 2024లో అసలు రాలేదు. మళ్లీ 2025లో జనవరి 10న, డిసెంబరు 30న రెండుసార్లు వచ్చింది. ఆ లెక్కన ఒక ఏడాది తోటివాళ్ల మొహం చూడకుండా గడిచిపోతే, తర్వాతి ఏడాది సంక్రాంతి ముందర ఒకసారి, క్రిస్మస్ దాటాక ఇంకోసారి పెన్న వంతెన దాటాల్సి వస్తుంది.